కిన్నెర ముంగట మైకు పెట్టి మమ అనిపించకండి

వెదురుకు సొర బుర్రలు కట్టి చేసే తీగ వాయిద్యం, పన్నెండు మెట్ల కిన్నెరను స్టేజీ ఎక్కిస్తరు. పాటకు వాడే మైకునే స్టాండు వంచి బుర్ర ముంగట పెట్టి "ఇగ వాయించు తాతా" అంటరు. పక్కన ప్యాడ్లు, కీబోర్డు మోత. తీగ వినపడదు. ఆపరేటర్ ఫేడర్ లేపితే స్పీకర్ కుయ్యిమంటది, మళ్ల దించుతడు. ఆఖరుకు "ఆ వాయిద్యానికే సౌండు లేదు" అని తీర్పు చెప్పేస్తరు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతది.

2022లో కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చినంక పాలమూరు, నాగర్‌కర్నూల్ దిక్కు ఏ ధూంధాం సభల చూసినా కిన్నెర మాటే. శాలువాలు కప్పుతున్నరు, ఫోటోలు దిగుతున్నరు. వాయిద్యం నాదాన్ని కరెంటు సిగ్నలుగ మార్చి స్పీకరుకు పంపే ఒక పికప్ కొననీకి మాత్రం చేతులు రావు.

ఇదే తిప్పలు జాజ్ వాళ్లు డబుల్ బేస్‌తోని ఎప్పటినుంచో పడ్డరు. మనిషి కంటే ఎత్తుండే కర్ర వాయిద్యం, దాని అన్నిటికంటే లోతు తీగ 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 సార్లు అదురుతది. మైకు పెడితే నాదం అచ్చంగ వస్తది గని డ్రమ్ముల మోత గూడ దూరుతది, స్పీకర్ కుయ్యిమనే ఫీడ్‌బ్యాక్ భయం. మాగ్నెటిక్ పికప్‌కు ఆ భయం తక్కువ. కాకపోతే అది ఉక్కు తీగ కదలికనే పట్టుకుంటది, కర్ర పలికేది దానికి అందదు. పేగు తీగలైతే అసలే పలకదు. అందుకే చానామంది తీగలను మోసే బ్రిడ్జి దగ్గర పీజో, అంటే అదురును కరెంటుగ మార్చే బిళ్ల పెట్టుకుంటరు.

కిన్నెర పానమంత సొర బుర్రలలనే ఉంది, కాబట్టి నా ఓటు పీజోకే. బుర్ర కడుపుకు అంటిస్తే గుంయ్యిమంటది. ఒట్టి వెదురుకు అంటిస్తే గోటి చప్పుడే ఎక్కువ. బుర్రను వెదురుకు కట్టిన చోట పెట్టి చూడండి, రెండూ కలిసి వస్తయి. టేపు మాత్రం వద్దు, పీకేటప్పుడు బుర్ర పొర లేస్తది. మెట్లు నిలబెట్టే తేనెమైనమే దీనికీ చాలు.

అసలు మోసం జరిగేది వైరు అవతల. పీజో బిళ్లను సీదా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌ల గుచ్చి, రేకు డబ్బా లెక్క మోగుతుందని తిడతరు. బిళ్ల కెపాసిటర్ లెక్క పనిచేస్తది, దాన్ని తగిలించే ఇన్‌పుట్ నిరోధం (ఓమ్‌లు) తక్కువైతే లోతు స్వరాలు జారిపోతయి. 20 నానోఫారడ్ల బిళ్లకు 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ తగిలిస్తే దాదాపు 800 హెర్ట్జ్ కిందిదంత సన్నగిల్లుతది, అంటే బుర్రల గంభీర నాదమంత పాయె. అదే మిక్సర్ కంటే ముందు సిగ్నలును అందుకునే చిన్న డబ్బా, 1 మెగా ఓమ్ ఉన్న ప్రీఆంప్ పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతది. డబుల్ బేస్ పికప్‌లల బిళ్లలు ఇంకా చిన్నగుంటయి, అందుకే వాటికి 10 మెగా ఓమ్‌లు పెట్టుకునేటోళ్లు గూడ ఉన్నరు. ఆ ప్రీఆంప్ గూడ వాయించేటాయన పక్కనే ఉండాలె, మిక్సర్ దగ్గర కాదు. నడుమ వైరు పొడుగైతే గరగర మోపైతది.

సభలు పెట్టే అన్నలకు చెప్తున్న. మైక్ సెట్టు బేరం మాట్లాడేటప్పుడే ఈ ప్రీఆంప్ గురించి గూడ అడగండి. సౌండ్ చెక్‌కు కిన్నెర పెద్దమనిషిని అందరికంటే ముందుగాల పిలిచి, ఆయనకు తన తీగ తనకు వినపడేదాక కూసోబెట్టి చూడండి.