రంభగారి తరఫున ఒక మొర

"తా వలచినది రంభ, తా మునిగినది గంగ" అన్న పెద్దలెవరో గానీ, అసలు రంభ గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించినట్టు లేదు. ఆవిడ ఇంట్లోనే ఉండగా మొగుడు ఇంకెవరినో వలచి, "ఇదిగో, ఈవిడే రంభ" అని తేల్చేస్తే ఆ తల్లి ఎక్కడికి వెళ్లి మొరపెట్టుకోవాలి? అందం ఉన్నవాళ్లకు దిక్కెవరు?

సరిగ్గా ఈ ఘోరమే 1989లో ఫ్రాన్సులో జరిగింది. బెర్త్రాన్ బ్లియే అనే దర్శకుడు 'ట్రో బెల్ పూర్ త్వా' అని ఒక సినిమా తీశాడు. నీకు మరీ ఎక్కువైన అందగత్తె అని దాని అర్థం. అందులో బెర్నార్ అని ఒక కార్ల వ్యాపారి. ఆ వేషం జెరార్ దెపార్ద్యూది. ఆయనేమీ మన్మథుడు కాడు, కానీ మగవాళ్ల ముఖాల మీద విచారణ జరపడం ఎక్కడా ఆనవాయితీ లేదు కాబట్టి మనమూ వదిలేద్దాం. భార్య వేషంలో కరోల్ బూకే. 1981లో జేమ్స్ బాండ్ సరసన నటించిన మనిషి. ఆ రోజుల్లో షానెల్ నంబర్ 5 సెంటు ప్రకటనల్లో కనబడిన ముఖం. అలాంటి ముఖం ఇంట్లో ఉండగా ఈ పెద్దమనిషి ఎవరిని ప్రేమించాడయ్యా అంటే, ఆఫీసుకు టెంపరరీగా వచ్చిన సెక్రటరీ కొలెట్‌ని. బొద్దుగా, సాదాసీదాగా, బస్టాపులో పక్కన నిలబడినా గుర్తుండని కొలెట్‌ని! ఆ వేషం వేసింది జోజియాన్ బలాస్కో.

లోకమంతటా ఒక పద్ధతుంది. సెక్రటరీ అందంగా ఉండాలి, భార్య గయ్యాళిలా కనబడాలి. మొగుడు దారి తప్పితే "పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు" అని ప్రేక్షకులు లోలోపల సర్దుకుపోవాలి. బ్లియే ఈ ఏర్పాటునంతా తిరగేశాడు. కొలెట్‌ని చూసి భార్యకు కూడా నమ్మబుద్ధి కాదు. తన మీద ఇంకో అందగత్తె గెలిచి ఉంటే కనీసం అర్థమయ్యేది.

అయితే ఇందులో అసలు ముద్దాయి బలాస్కోయే అని నా అభిప్రాయం. 1950లో పారిస్‌లో పుట్టిన ఈవిడ 'స్ప్లెండిద్' అనే కామెడీ నాటక ముఠా మనిషి. చిన్న హాళ్లలో జనాన్ని నవ్వించి, 1978లో 'లే బ్రోన్జే'తో సినిమాల్లోకి ఊడిపడిన బ్యాచ్ అది. బలాస్కో తెర మీదికి వస్తోందంటే నవ్వడానికి సిద్ధమైపోవడం ఫ్రెంచివాళ్లకు అలవాటు. ఈ సినిమాలో ఆవిడ ఆ సదుపాయం కూడా లేకుండా చేసింది. వెకిలి చూపుల్లేవు, కింద పడటాల్లేవు. తనను ఒక మగాడు ప్రేమించడం సూర్యుడు తూర్పున ఉదయించినంత మామూలు విషయమన్నట్టు నిశ్చింతగా వెలిగిపోయింది. వెనక షూబర్ట్ సంగీతం. హాల్లో కూర్చున్నవాడు ఎవరిని చూసి నవ్వాలి? మన మొహాలు మనమే చూసుకోవాలా? చివర్లో బెర్నార్‌కి చిరాకొచ్చి షూబర్ట్ మీద విరుచుకుపడతాడు. కథ మొత్తంలో సరైన దోషిని పట్టుకున్న ఘట్టం అదొక్కటే.

కాన్ చలనచిత్రోత్సవం జ్యూరీ కూడా మోసపోయి ఈ సినిమాకి గ్రాన్ ప్రీ అనే పెద్ద బహుమతి ఇచ్చేసింది. ధర్మం నాలుగు పాదాల మీద నిలబడింది 1990లో, ఫ్రెంచి సినిమాలకిచ్చే సెజార్ అవార్డుల్లో. ఈ సినిమాకి ఐదొచ్చాయి. ఉత్తమ నటి పోటీలో భార్యా ఉంది, సెక్రటరీ కూడా ఉంది. గెలిచింది? భార్య! తెర మీద రెండు గంటలు కూడా నిండకుండా కొలెట్ తలకిందులు చేసిన లోకాన్ని ఒక్క కవరు చింపి నిటారుగా నిలబెట్టారు. నాకైతే ప్రాణం లేచి వచ్చింది. బూకే బాగా నటించలేదని ఎవరూ అనరు. ఆ ముఖం పెట్టుకుని మొగుడు వద్దనుకున్న భార్యగా నమ్మించాలంటే మాటలా!

దీంతోనైనా బలాస్కో బుద్ధి తెచ్చుకుందా? 1995లో తనే రాసి, తనే తీసి, తనే నటించింది. ఆ సినిమా ఇంగ్లిష్ పేరు 'ఫ్రెంచ్ ట్విస్ట్'. ఈసారి గురి మొగుడి మీద కాదు. వ్యాను చెడిపోయి ఒక ఇంటి ముందు ఆగి, ఏకంగా విక్టోరియా అబ్రిల్ లాంటి భార్యనే ప్రేమలో పడేసింది. ఊరంతా తిరిగే మొగుడు అలెన్ షబా నోరెళ్లబెట్టాడు. దీనికి సెజార్ వాళ్లు అవార్డు ఇచ్చారు, స్క్రీన్‌ప్లేకి. కాగితం మీద ముఖం కనబడదు కదా, ఇబ్బంది లేదు. 2000లో గౌరవ సెజార్ కూడా ఇచ్చారు. అందులో పోటీ ఉండదు, పక్కన అందగత్తెను నిలబెట్టి పోల్చి చూసే పనీ ఉండదు. పెద్దవాళ్లు అన్నీ ఆలోచించే చేస్తారు.

2009లో మళ్లీ మొదటికే వచ్చింది. 'ల హెరిసన్' అనే సినిమాలో అపార్ట్‌మెంటు కాపలా మనిషి. ఎవరూ చూడకుండా టాల్‌స్టాయ్‌ని చదువుకుంటుంది. పిల్లికి కూడా ఆయన పేరే పెట్టుకుంది, లియోన్ అని. ఆ మేడలో కొత్తగా దిగిన మర్యాదస్తుడైన జపాన్ ఆయనకి ఈవిడంటే ఇష్టం పుడుతుంది. ఎన్నిసార్లని సహిస్తాం?

నా మట్టుకు నాకు ఆవిడ వేసిన అన్ని వేషాల్లో 1982 నాటిదే సమంజసంగా తోస్తుంది. క్రిస్మస్ తాతను పట్టుకుని టైటిల్లోనే తిట్టిన సినిమా అది. బతుకు మీద విరక్తి పుట్టినవాళ్లకు ఫోన్లో ధైర్యం చెప్పే ఆఫీసులో మదామ్ ముస్కాన్‌గా చేసింది. పండగ రాత్రి లిఫ్టు ఎక్కి, రెండంతస్తుల మధ్య ఇరుక్కుని, సినిమాలో చాలాసేపు అక్కడే ఉండిపోతుంది. బాగు చేయడానికి వచ్చినవాడిని కూడా తుపాకితో కాల్చేస్తారు. అందగత్తెల కాపురాలు క్షేమంగా ఉండాలంటే ఇంతకు మించిన ఏర్పాటు లేదని నేను సంబంధిత అధికారులకు అర్జీ పెట్టుకోబోయాను. తీరా చూస్తే ఆ కథ రాసినవాళ్ల పేర్లలో బలాస్కో పేరు కూడా ఉంది.