ఆర్కుల దుష్టత్వాన్ని కాపాడుకుందాం

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు విసురుతూ సాహసకథ నడిపే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆట అభిమానిగా, ఇరవై ముఖాల పాచిక సాక్షిగా, బరువెక్కిన గుండెతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ ఆటలో దుర్మార్గపు రాక్షసజాతిగా పేరుపడ్డ ఆర్కులు మంచివాళ్ళయిపోతున్నారు. మనం చూస్తూ కూర్చున్నాం.

2024లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకంలో ఆర్కు వెళ్ళి, ఆటగాళ్ళు ఎంచుకునే జాతుల వరుసలో, ఎల్ఫ్ పక్కన, డ్వార్ఫ్ పక్కన దర్జాగా నిలబడ్డాడు. 2025 మొదట్లో వచ్చిన రాక్షసుల పుస్తకంలో వెతికితే అతనికి విడిగా పేజీ లేదు. 'రేస్' అనే మాట పోయి 'స్పీషీస్' వచ్చింది. సగం మనిషి, సగం ఆర్కు అయిన హాఫ్-ఆర్క్‌ను చడీచప్పుడు లేకుండా సాగనంపారు. 2016లో ఆర్కు పాత్ర తీసుకుంటే తెలివిలో రెండు పాయింట్లు కోత పడేది. 2020లో ఆ రెండూ తిరిగి ఇచ్చేశారు. అంటే ఆర్కుకు కూడా నాకున్నంత తెలివి ఉండే ప్రమాదం వచ్చిపడింది.

"ఇంతకీ ఆ కొత్త పుస్తకం చదివావా?" అని కొందరు అడుగుతున్నారు. చదివితే కోపం తగ్గిపోవచ్చు. అందుకే ముట్టుకోలేదు.

"పాత పుస్తకాలు నీ అల్మరాలోనే ఉన్నాయి కదా, ఎవరైనా ఎత్తుకెళ్ళారా?" అని ఇంకొందరు. లేదండీ. అదే బాధ. ఎత్తుకెళ్ళి ఉంటే కేసు పెట్టేవాళ్ళం.

పరిస్థితి చెయ్యి దాటకముందే మా బృందం ఆరుగురం అత్యవసర సమావేశం పెట్టుకున్నాం. అధ్యక్షుణ్ణి నేనే. "ఆటను దాని అసలు రూపానికి తిరిగి తీసుకురావాలి" అని తీర్మానం ప్రవేశపెట్టాను. అందరూ బల్ల గుద్దారు, పాచికలు ఎగిరి కిందపడ్డాయి. ఆ తర్వాతే ఒకడు, ఏ దురుద్దేశమూ లేకుండానే, "అసలు రూపం అంటే ఏది?" అన్నాడు.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ అని ఒకరన్నారు. కాదు, 2003 నాటి మూడున్నరో ఎడిషనే ఆట, మిగతాదంతా నకిలీ అని ఇంకొకతను లేచాడు. 2008లో నాలుగో ఎడిషన్ వచ్చినప్పుడు ఇతను అలిగి, మరుసటి ఏడాది పాత్‌ఫైండర్‌కి మారిపోయాడు. అది మూడున్నర రూల్స్ మీదే వేరే కంపెనీ కట్టిన ఆట. కొత్తది ఇష్టం లేక కొత్త ఆట కొనుక్కున్న ఘనుడు. ఆ నాలుగో ఎడిషన్‌ను తలుచుకుని ఈమధ్య, "యుద్ధాలు మాత్రం అందులోనే బాగుండేవి" అని నిట్టూరుస్తున్నాడు కూడా. చచ్చినవాడి కళ్ళు చారెడు.

మూడో అతను 1989 నాటి రెండో ఎడిషన్ భక్తుడు. ఈ ఆట పిల్లలకు దెయ్యాలను పూజించడం నేర్పుతోందని పెద్దలు గోల చేసిన రోజుల తర్వాత వచ్చిన పుస్తకం అది. గోలకు భయపడి డీమన్లను, డెవిల్స్‌ను తీసేశారు. తర్వాత అవే 'తనారి', 'బాటెజు' అని మారుపేర్లతో తిరిగొచ్చాయి. నరకంలో ఉద్యోగం అదే, బోర్డు మారింది. అన్నట్టు, ఆ ఎడిషన్ ఆటగాళ్ళ పుస్తకంలోంచి హాఫ్-ఆర్క్‌ను కూడా తీసేశారు. అంటే అతన్ని సాగనంపడం ఇది మొదటిసారి కాదన్నమాట. ఈ విషయం సభలో ఎవరూ ప్రస్తావించకూడదని అధ్యక్షుడి హోదాలో రూలింగ్ ఇచ్చాను.

ఇంకా వెనక్కి వెళ్దామని 1978 పుస్తకం తెరిచాం. అందులో ఆడ పాత్రల బలానికి మగ పాత్రల కంటే తక్కువ గరిష్ఠ పరిమితి పెట్టారు. మా బృందంలో ఇద్దరు అమ్మాయిలున్నారు. ఆ పేజీ చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడారు. ఆ మాటలు మినిట్స్‌లో రాయలేదు.

ఇక మిగిలింది 1974, ఆట సృష్టికర్తలు గైగాక్స్, ఆర్నెసన్‌ల తొలి పెట్టె. స్వచ్ఛతకు అదే చివరి గడప. అందులో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ కథల్లోని పొట్టివాళ్ళు, హాబిట్లు, ఉండేవారు. టోల్కీన్ రచనల హక్కులున్నవాళ్ళు అభ్యంతరం చెప్పేసరికి తర్వాతి ముద్రణల్లో వాళ్ళు హాఫ్లింగులయ్యారు. మూలానికి చేరుకునేసరికి అక్కడ లాయరు కూర్చుని ఉన్నాడు. పైగా ఆ తొలి పుస్తకాలు, రూల్స్ మీకు నచ్చినట్టు మార్చుకోండి, లేనివి మీరే ఊహించుకోండి అని చెబుతాయి. సంప్రదాయవాదులకు ఇంతకన్నా ఇబ్బందికరమైన సంప్రదాయం ఉంటుందా?

ఈ ఆటలోని భయానక లోకం రావెన్‌లాఫ్ట్ సంగతి ఎత్తకుండా ఉండలేను. 1983లో ఒక సాహసకథగా మొదలైన ఆ పిశాచాల లోకాన్ని 2021లో మళ్ళీ లేపారు. శవాల ముక్కలు కుట్టి ప్రాణం పోసే డాక్టర్ విక్టర్ మోర్డెన్‌హైమ్ అక్కడ విక్ట్రా అయ్యింది. శవం లేచి నడిచిందంటే మాకు ఏ ఇబ్బందీ లేదు. డాక్టరు ఆడమనిషి అంటేనే, వాస్తవికత దెబ్బతింటోంది అనిపిస్తోంది. మ్యాప్ కూడా మార్చేశారు. ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే రాజ్యాలు ఇప్పుడు పొగమంచులో విడివిడిగా తేలుతున్నాయి. ఆ పొగమంచు మనుషుల్ని మింగిన రోజుల్లో ఎలా మింగిందని ఎవరమూ అడగలేదు. సరిహద్దుల్ని మింగాక మాత్రం భూగోళశాస్త్రం గుర్తొచ్చింది.

ఎప్పుడూ పాచిక పట్టుకోనివాళ్ళు కూడా మా పోరాటానికి పెద్దయెత్తున మద్దతిస్తున్నారు. కందకు లేని దురద కత్తిపీటకు ఉన్నందుకు కృతజ్ఞతలు.

నాలుగు గంటలు గడిచాయి. ఆట మొదలుకాలేదు. చివరికి ఏ ఎడిషన్ అనేది పక్కనపెట్టి, "ఆర్కులు పుట్టుకతోనే దుర్మార్గులు" అన్న ఒక్క వాక్యం మీద ఓటింగ్ పెట్టాను. ఆరు చేతులూ లేచాయి. అప్పుడు కథ నడిపే మా డీఎం (డన్జన్ మాస్టర్) స్క్రీన్ వెనకనుంచి తల ఎత్తి, "సరే, మరి గ్రుంబును ఏం చేద్దాం?" అంది.

గ్రుంబు గురించి చెప్పాలి. ఏళ్ళ కిందట ఒక గుహలో మాకు చిక్కిన ఆర్కు. కత్తి ఎత్తేలోపు మాలో ఒకరు "నీ పేరేంటి?" అని అడిగారు. డీఎం దగ్గర పేరు సిద్ధంగా లేదు. నోటికొచ్చింది చెప్పింది. పేరు తెలిశాక చంపబుద్ధి కాలేదు. అప్పటినుంచి మా మూటలు మోసేది వాడే, మ్యాప్ పట్టుకునేది వాడే, బంగారం లెక్క చూసేది వాడే. ఒకసారి డ్రాగన్ నోట్లో పడబోతే మేమంతా మిగిలిన హీలింగ్ పోషన్లన్నీ వాడికే తాగించాం.

"వాడి జోలికొస్తే ఊరుకోం" అని ఆరుగురం ఒకేసారి లేచాం. "వాడు వేరు."

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ కాగితం ఎక్కడా పోకుండా గ్రుంబు సంచీలో దాచమని ఇచ్చాం.