అండమాన్ మడలు, మన ఇసుక తీరం: ఆ ఫార్వర్డ్ మీద నాలుగు మాటలు

మా సోంపేట వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అండమాన్ మడ అడవి ఫొటో, దాని కింద ఇలా రాశారు: "ఈ దీవి చుట్టూ మడ చెట్టు ఒక్కటే కోటగోడలా నిలబడింది. అందుకే అక్కడ సముద్రం భయం లేదు. ఉప్పునీళ్లుంటే చాలు, ఎక్కడైనా బతుకుతుంది. శ్రీకాకుళం తీరమంతా నాటితే ఇంకో తిత్లీ తుఫాను రాదు." మాకు పోర్ట్‌బ్లెయిర్‌లో చుట్టాలు లేని ఇల్లు తక్కువ. అక్కడి నుంచి మావయ్యే నాకు పంపారు. మంచి ఉద్దేశంతో పంపారు, కాదనను. కానీ అందులో రాసింది రాసినట్టు నిలబడే మాట ఒక్కటీ లేదు.

ముందు ఆ "ఒక్కటే" సంగతి. మడ అడవి అంటే ఒక చెట్టు పేరు కాదు. ప్రపంచం మొత్తమ్మీద ఈ కోవలో 70 దాకా జాతులున్నాయి, అవన్నీ ఒకే కుటుంబానివి కూడా కావు. అండమాన్‌లోని బారాటాంగ్ దీవిలో సున్నపురాతి గుహలకు పడవలో వెళ్లినవాళ్లు ఉప్పుటేరుకు రెండు పక్కలా చూసే ఉంటారు: గొడుగు ఊచల్లా వంగి బురదలో దిగిన వేళ్లు. అది ఉప్పు పొన్న. దాని మొలక చెట్టు మీదే మునగకాయంత పొడవు పెరిగి, తర్వాత రాలుతుంది. కాకినాడ దగ్గరి కోరింగలో మనకు ఎక్కువగా కనిపించే మడ చెట్టు ఇది కాదు, మరో జాతి. దాని చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు పాతినట్టు ఊపిరి వేళ్లు పైకి లేస్తాయి. ఆ ఆకు నాలుకకు ఆనించి చూడండి, ఉప్పగా ఉంటుంది. వేళ్లతో పీల్చిన ఉప్పును ఆకుల్లోంచి బయటికి పంపేస్తుంది. ఉప్పు పొన్న పద్ధతి వేరు, చాలా ఉప్పును వేరు దగ్గరే ఆపేస్తుంది. అండమాన్‌లోనే మంచినీళ్లు వచ్చి కలిసే ఏటి పైభాగానికి వెళ్తే నైపా అనే తాటి జాతి మొక్క కనిపిస్తుంది. పోటు ఎంతసేపు నిలుస్తుంది, ఉప్పు ఎంత, బురద ఎంత మెత్తన అన్నదాన్ని బట్టి ఎవరి చోటు వారిదే.

ఇక "దీవి చుట్టూ గోడ" అన్నది చూద్దాం. అండమాన్‌లోనే ఉన్న రాధానగర్ బీచ్ ఫొటోలు చూస్తే చాలు, అక్కడున్నది ఇసుక. మడలు పెరిగేది అలల దెబ్బ తగలని ఉప్పుటేళ్లలో, లోతట్టు అఖాతాల్లో. ఉష్ణమండల దీవి అయితే మడ ఉండి తీరాలనీ లేదు. హవాయిలో సహజంగా ఒక్క మడ జాతీ లేదు. 1902లో మొలొకాయ్ దీవిలో మట్టి కొట్టుకుపోకుండా చెరకు కంపెనీవాళ్లు తెచ్చి నాటారు, ఇప్పుడు దాన్ని పీకించలేక అవస్థ పడుతున్నారు.

"సముద్రం భయం లేదు" అన్నవాళ్లు 2004ను మర్చిపోయారేమో. ఆ డిసెంబరు భూకంపానికి నికోబార్‌లో నేల కుంగి మడలు నీళ్లలో మునిగి చచ్చాయి. ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, పోటు నీరు అందక ఎండిపోయాయి. నేల మట్టం మీటరు అటూఇటూ అయితే చాలు, మడకు ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే "ఎక్కడైనా" అన్న మాట దగ్గర నాకు ఎక్కువ టెన్షన్. సునామీ తర్వాత శ్రీలంకలో ఇలాగే ఉత్సాహంగా నాటారు. 23 చోట్ల, వెయ్యి హెక్టార్లకు పైనే. 2017లో వచ్చిన అధ్యయనం లెక్క ప్రకారం నిలబడింది 200 హెక్టార్ల పైచిలుకు, తొమ్మిది చోట్ల ఒక్క మొక్కా మిగల్లేదు. తగని చోట నాటారు, నాటాక చూసుకున్నవాళ్లూ తక్కువ. పశువులు కూడా తొక్కేశాయి.

తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలకొరిగింది గాలికి. ఆ గాలిని మడ ఆపలేదు. అలల జోరును, ఉప్పెనను మాత్రం తగ్గిస్తుంది. 1999 ఒడిశా తుఫానులో కేంద్రపడ జిల్లాలో మడలు దట్టంగా ఉన్న ఊళ్లలో చావులు తగ్గాయని పరిశోధకులు తేల్చారు. ఆ మేరకు ఫార్వర్డ్ రాసినాయన ఆశ అబద్ధం కాదు.

కానీ మన తీరం చాలావరకు ఇసుక, నేరుగా విరుచుకుపడే కెరటాలు. బారువ ఒడ్డున ఉప్పు పొన్న మొలక పాతితే రెండో పోటు దాకా ఉంటే గొప్ప. పైగా అది తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక. మావయ్యకు అదే రాశాను. నాటాలని ఉంటే భావనపాడు ఉప్పుటేరు గట్టుకు వెళ్లి, పాటు సమయంలో నీరు వెనక్కి తగ్గి ఏ బురద బయటపడుతుందో, పోటుకు ఏది మునుగుతుందో ముందు నెలరోజులు చూసి రమ్మన్నాను. "సెలవుకి వచ్చినప్పుడు ఇద్దరం వెళ్దాంలే" అన్నారు.