మందు లెక్కకు సగం మార్కులు సరిపోవు

రాయలసీమ జిల్లాల నుంచి, కోస్తా నుంచి, తెలంగాణ నుంచి నర్సింగ్ చదవడానికి బెంగళూరు చేరే తెలుగు విద్యార్థులకు మందుల శాస్త్రమైన ఫార్మకాలజీ రెండో ఏడాదిలో ఎదురవుతుంది. భారత నర్సింగ్ కౌన్సిల్ సవరించి 2021లో నోటిఫై చేసిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో అది మూడు, నాలుగు సెమిస్టర్లలో ఉంటుంది. పరీక్ష పాథాలజీ (వ్యాధి శాస్త్రం), జెనెటిక్స్‌లతో కలిపి ఒకే పేపరు. సగం మార్కులు వస్తే పాస్. మందుల వర్గాలు, దుష్ప్రభావాలు బట్టీ పట్టిన విద్యార్థి ఒక్క మోతాదు లెక్క కూడా సరిగ్గా చేయకుండానే ఆ పేపరు గట్టెక్కవచ్చు. వార్డులో రోగి ప్రాణం మీదికి తేగలిగేది మాత్రం ఆ లెక్కే. అందుకే మోతాదు లెక్కను మిగతా సిలబస్ నుంచి వేరుచేసి, అందులో నూటికి నూరు వచ్చిన తరువాతే విద్యార్థి చేతికి సిరంజి ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇన్సులిన్‌నే చూడండి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్స్ (చిన్న మందు సీసాలు), 100 యూనిట్ల వయల్స్ రెండూ వాడుకలో ఉన్నాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకుందాం. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత వరకు తీస్తే వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. రోగికి రెండున్నర రెట్ల మోతాదు పడి, చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. సిరంజిలు అటుఇటు తారుమారై, 40 యూనిట్ల ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిలో తీస్తే 8 యూనిట్లే అందుతాయి. రెండు సందర్భాల్లోనూ విద్యార్థి కళ్లకు కనిపించేది 20 అనే అంకె మీద సరిగ్గా ఆగిన మందే కాబట్టి, తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు. దీనికి తోడు చేతిరాతలో యూనిట్లకు బదులు ఇంగ్లిష్ ‘యూ’ అక్షరం రాస్తే అది సున్నాలా కనిపించి, 4 యూనిట్లు 40 అయ్యే ముప్పు ఉంది.

పిల్లల వార్డులో లెక్క ఇంకా సున్నితం. పది కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ 150 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 ఉండేదైతే 3, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర. డ్రాప్స్ సీసా చేతిలో పట్టుకుని సిరప్ లెక్కన 6 మిల్లీలీటర్లు పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. కాబట్టి ‘ఆరు ఎంఎల్ ఇవ్వు’ అన్న మాటలో పూర్తి సమాచారం లేదని, మిల్లీగ్రాముల్లో ఎంత, సీసా మీద ఏ బలం ఉంది అని అడగాలని విద్యార్థికి అలవాటు కావాలి. డ్రిప్ చుక్కలకూ ఇదే వర్తిస్తుంది: 500 మిల్లీలీటర్లు 8 గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్‌తో నిమిషానికి దాదాపు 21 చుక్కలు, అదే సన్నటి చుక్కలు పడే మైక్రో సెట్ అయితే మిల్లీలీటరుకు 60 చుక్కల లెక్కన 62 దాటుతాయి.

నూటికి నూరు అనడం గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2018 నాటి ప్రమాణాల్లో అక్కడి నర్సింగ్ విద్యార్థులు మందుల లెక్కల పరీక్షను వంద శాతంతోనే దాటాలని నిబంధన పెట్టింది. ఇక్కడి రోగులకు అంతకంటే తక్కువ భద్రత ఎందుకు సరిపోవాలి?

సరైన రోగి, మందు, మోతాదు, మందు ఇచ్చే మార్గం, సమయం అనే ఐదింటినీ ప్రతి విద్యార్థీ వల్లె వేస్తుంది. బెంగళూరు వార్డుల్లో మొదటిదే కష్టం. ‘లక్ష్మమ్మ గారేనా?’ అని అడిగితే వినికిడి తగ్గిన పెద్దావిడా, మగతలో ఉన్నావిడా, భాష తెలియనావిడా అందరూ తల ఊపుతారు. పేరు రోగి నోటితోనే చెప్పించుకుని, చేతి పట్టీ మీది నంబరుతో, కేస్ షీటుతో సరిచూడాలి. అనంతపురం, చిత్తూరు, కోలార్ల నుంచి వచ్చే రోగుల దగ్గర మన పిల్లలకు తెలుగు పనికొస్తుంది గానీ, ‘నిమ్మ హెసరేను’ అని పేరు అడగడం, ఇన్సులిన్‌కు ముందు ‘ఊట ఆయ్తా’ అని భోజనం సంగతి కనుక్కోవడం, ఏ మందైనా పడదా అని విచారించడం మొదటి సెమిస్టర్‌లోనే కన్నడంలో నేర్పాలి.

వ్యక్తి జాగ్రత్తగా ఉంటే చాలుననడం కూడా అన్యాయమే. సిడ్నీ ఆసుపత్రుల్లో నర్సులను గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మందులిస్తుండగా అంతరాయం కలిగిన ప్రతిసారీ క్లినికల్ తప్పులు (తప్పు మందు, తప్పు మోతాదు వంటివి) 12.7 శాతం పెరిగినట్టు తేలింది. మందుల ట్రాలీ దగ్గరున్న విద్యార్థిని ఫోన్ ఎత్తమనో, ఫైలు తెమ్మనో పిలవకూడదన్న నియమానికి ఖర్చేమీ లేదు. పలచన చేయని పొటాషియం క్లోరైడ్ నేరుగా నరంలోకి వెళితే గుండె ఆగిపోవచ్చు. అలాంటి ఆంప్యూల్స్‌ను (చిన్న మందు బుడ్లను), చూడ్డానికి అలాగే ఉండే డిస్టిల్డ్ వాటర్ పక్కన పెట్టకపోవడం వార్డు యాజమాన్యం బాధ్యత, పద్దెనిమిదేళ్ల విద్యార్థిది కాదు.

అనుమానం వచ్చినప్పుడు ‘అక్కా, ఒకసారి మీరూ చూడండి’ అని స్టాఫ్ నర్సును ఆపగలిగే ధైర్యం విసుక్కునే వార్డులో పెరగదు. తృటిలో తప్పిన పొరపాటును విద్యార్థి తానే చెప్పినప్పుడు శిక్షిస్తే, తరువాతిది ఎవరూ చెప్పరు. పేర్లు తీసేసి ఆ సంఘటనలను క్లాసులో చర్చించాలి. మందు వల్ల రోగికి కలిగిన హాని గురించి మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే దేశ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి నర్సులు కూడా తెలియజేయవచ్చు. అందుకు 1800-180-3024 అనే ఉచిత నంబరు, ఒక ఫారం ఉన్నాయి. ఇంటర్న్‌షిప్‌లో అడుగుపెట్టే ముందు ప్రతి విద్యార్థి చేతా ఆ ఫారం ఒకసారైనా నింపించాలి.