శరీకాకుళం నుంచి ఉతతరం

మహారాజశ్రీ కీబోర్డు గారి సముఖమునకు,

శ్రీకాకుళం నుంచి రిటైరైన తెలుగు మాస్టారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెట్టడం మా తరం అలవాటు. ఉభయుల్లో ఒకరికి డి మీట పడిపోయింది, ఇంకొకరికి బీపీ లేచింది. అందుకని కుశలం దగ్గర ఆగకుండా నేరుగా ఫిర్యాదులోకి వస్తున్నాను.

పైన ఊరి పేరు చూసి మాస్టారికి మతి పోయిందనుకునేవాళ్లుంటారు. పోయింది మతి కాదు, పొల్లు. 34 ఏళ్లు పిల్లల చేత పద్యాలు పొల్లు పోకుండా అప్పజెప్పించాను. పొల్లు పోగొట్టినవాడికి తొడపాశం పెట్టాను. వాళ్లలో ఎవడి ఉసురు తగిలిందో గానీ, ఈ వయసులో, నా ఇంట్లో, నా బల్ల మీద, అన్నీ వదిలేసి పొల్లు ఒక్కటే ఏరుకుని పట్టుకుపోయారు తమరు.

సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. నేను ఇన్‌స్క్రిప్టులో టైపు చేస్తాను. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే పద్ధతి మా మనవడిది. నాకది ఎవరి చేతో అన్నం తినిపించుకున్నట్టుంటుంది. 1991లో భారతీయ లిపులకు ప్రభుత్వం కట్టిన ప్రమాణంలో ఉన్న అమరిక ఇన్‌స్క్రిప్టు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. ఎడమ చేతి నడిమి వేలు తీరిక వేళ సేదతీరే చోట, అంటే డి మీద, పొల్లు. క కొట్టి, డి కొట్టి, ష కొడితే క్ష అవుతుంది. డి పలకకపోతే క, ష పక్కపక్కనే ఎవరికి వారు కూర్చుంటాయి, మాటల్లేని దాయాదుల్లాగ. అదే డిని షిఫ్టుతో కలిపి కొడితే అ. ఇచ్ఛాపురం దాటి ఒడియాలో టైపు చేసేవాళ్లకీ పొల్లు ఆ మీట మీదే ఉంటుంది. రెండు భాషల సంయుక్తాక్షరాల బరువు మోస్తున్న మీటను చూసి చూసి పడగొట్టారు. ఆ మూలన స్క్రోల్ లాక్ అని ఒకటుంది కదా, అది పోయి ఉంటే దినకర్మల దాకా ఎవరికీ తెలిసేది కాదు.

అయినా తమరి దెబ్బ నాకు వెంటనే తగల్లేదు. మా చెల్లెలిది విజయనగరం. దాని కూతురి పెళ్లి. శుభలేఖ మాటలు మేనమామే రాయాలని పట్టు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వేళ్లకు అలవాటైన దారిలో, తెర వైపు చూడకుండా కొట్టేసి వాట్సాప్‌లో పంపాను. అయిదు నిమిషాల్లో ఫోను.

“ఏటన్నయ్యా ఇది? నా పిల్ల పెళ్లికి విఘ్నమస్తు అని దీవించినావేటి?”

జోడు దించి చూద్దును కదా, శరీరసతు, శుభమసతు, విఘనమసతు. పొల్లుల సంగతి సరే, ముసలాడికి నత్తి అని సర్దుకోవచ్చు. అవిఘ్నమస్తులో ముందున్న ఒక్క అ ఎగిరిపోయేసరికి దీవెన కాస్తా శాపమై కూర్చుంది. పైడితల్లి అమ్మవారు పైడితలలి అయింది. చెల్లెలు లెంపలేసుకున్న చప్పుడు ఫోనులో నాకు వినిపించింది.

అంతటితో ఊరుకుంటే అది చెల్లెలు ఎందుకవుతుంది? “మా ఊరి పేరు మాత్రం తప్పు లేకుండా పడినాది చూడు” అంది. నిజమే. విజయనగరంలో వెతికినా ఒక్క పొల్లు లేదు. ఆ ఊరికి తమరు ఏ హానీ తలపెట్టలేదు. పరీక్షకని గురజాడ వారి పేరు కొట్టి చూశాను. గురజాడ దాకా చెక్కు చెదరలేదు. అప్పారావు దగ్గరికొచ్చేసరికి పపారావయ్యారు. శ్రీకాకుళం ఏం పాపం చేసిందని మొదటి అక్షరానికే వేటు? జిల్లాలు పక్కపక్కనే ఉన్నాక ఈ పక్షపాతం తగునా?

ఒక లాభం లేకపోలేదు, న్యాయంగా అది కూడా చెప్పాలి. తమరి మీద అసమర్థత అని కొడితే సమరథత అని పడుతుంది. అధర్మం ధరమం అవుతుంది. అసత్యం సతయంగా మారుతుంది. ఏ ఆఫీసు వారైనా తమ వార్షిక నివేదిక తమరి మీద టైపు చేయించుకుంటే పైసా ఖర్చు లేకుండా సగం ఆరోపణలు మాసిపోతాయి. కావలసినవారు కబురు చేస్తే అద్దెకిస్తాను.

తమరు ఈసారి నిజంగానే పడిపోయారని మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నాన్నా పులి కథలో కుర్రాడి పరువే నాదీను. కిందటేడు పింఛను సైటులో అంకెలు పడడం లేదని ఇల్లు పీకి పందిరేస్తే మనవడు వచ్చి నమ్ లాక్ ఒక్కసారి నొక్కి వెళ్లాడు. వాడు గడప దాటే లోపే అంకెలు వరస కట్టాయి. ఇంకోసారి ఈమెయిలులో అట్ గుర్తు కొడితే కొటేషను గుర్తు పడింది. రెండు రోజులు తమరి వంశాన్నంతా తిట్టాక తేలిందేమిటంటే, సెట్టింగుల్లో ఇంగ్లిషు పక్కన యునైటెడ్ కింగ్‌డమ్ అని ఉంది. దొరల అమరికలో ఆ రెండు గుర్తులూ చోట్లు మార్చుకుని ఉంటాయట. 1947లో ఓడెక్కాడనుకున్నవాడు నా 2 అంకె కింద దాక్కున్నాడు. యునైటెడ్ స్టేట్స్ అని మారిస్తే గానీ కదల్లేదు.

మూడోది మాత్రం నా జన్మలో మరువను. ఒక సాయంత్రం తమరికి నిలువునా చెవుడొచ్చింది. ఠకఠకా కొడితే ఒక్క అక్షరం పడదు. కసిగా వేలితో అదిమి పట్టుకుంటే అప్పుడొకటి, మొహమాటంగా. చచ్చిన మీటలైతే అసలే పడకూడదు, బతికినవైతే వెంటనే పడాలి. ఈ నడిమంత్రపు రోగం ఏమిటో అంతుబట్టలేదు. ఆరా తీస్తే దోషం నా కవిత్వానిది. అ పడాలంటే కుడి షిఫ్టు పట్టుకుని డి కొట్టాలి. నేను కుడి షిఫ్టు మీద వేలు వేసి, ఏ మాటతో ఎత్తుకుందామా అని ఆలోచనలో పడ్డాను. కుడి షిఫ్టును 8 సెకన్లు అలా నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ అనే ఏర్పాటు నిద్ర లేస్తుంది. చేతులు వణికేవారి కోసం పెట్టిందట, తగిలీ తగలని దెబ్బల్ని లెక్క చెయ్యదు. లేచేముందు అనుమతి అడుగుతూ ఇంగ్లిషులో ఒక పెట్టె చూపిస్తుంది. సర్కారు ఉద్యోగం చేసినవాణ్ని, ముందు పెట్టిన కాగితం చదివి సంతకం పెట్టిన పాపాన పోలేదు. ఎంటర్ కొట్టేశాను. పద్యం ఎత్తుకోవడానికి 8 సెకన్లు కూడా ఆలోచించనివ్వని యంత్రం మీద కవులెలా పుడతారు? ఖ, ఘ, ధ, భ లాంటివన్నీ షిఫ్టుతోనే పడాలి కాబట్టి ఆ షిఫ్టును వదలనూ లేము. ఊరికే తోచక 5 సార్లు వరసగా తట్టామంటే స్టికీ కీస్ అని ఇంకో పెట్టె ఊడిపడుతుంది. మనవడు సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అన్న చోట కీబోర్డు తెరిచి, మీటలు నొక్కితే లేచే ఆ రెండు దారులూ మూసేశాడు. “తాతా, కుడి షిఫ్టు పట్టుకుని మాత్రం ఆలోచించకు” అని షరతు పెట్టాడు. అప్పట్నుంచి మొటిమ ఉన్న జె మీట మీద వేలు పెట్టుకుని ఆలోచిస్తున్నాను. పద్యాల్లో తేడా ఏమీ లేదు.

ఇదంతా జరిగాక ఈసారి పులి నిజంగా వచ్చింది.

మా ఇంటి వైద్యంలో మొదటి మందు బాదడం. రేడియో రోజుల నుంచీ అంతే. బాదాను. రెండో మందు స్విచ్చాపి వెయ్యడం. వేశాను. మూడోది, ఆ వారంలో బల్ల దగ్గరికొచ్చిన పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి అడగడం. అందరూ నా వైపే చూశారు. అప్పుడు గానీ మనవడు రంగంలోకి దిగలేదు. విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కాడు. తెర మీద తమరి బొమ్మ ప్రత్యక్షమైంది. దాని మీద మౌసుతో డి నొక్కితే పొల్లు పడింది! కంప్యూటరుకు పొల్లు వచ్చు, తమరికే రాదు అని తేలిపోయింది. అయినా అనుమానం తీరక తమరి తోకను వేరే యూఎస్‌బీ కన్నంలో దూర్చాం. పక్కింటివాళ్ల కంప్యూటరుకు కూడా తగిలించి చూశాం. వెళ్లిన ప్రతి చోటా డి మూగనోమే పట్టింది. వాళ్లమ్మాయి డ్రైవరు తీసి మళ్లీ వెయ్యమంది గానీ, రెండిళ్లలోనూ ఒకే రోగమంటే అది సంసారంలోది కాదు, మనిషిలోదే.

తోక పీకి, తమర్ని బోర్లించి వీపు తట్టాం, పొలమారిన పిల్లాడికి తట్టినట్టు. రాలిన సామాను జాబితా తమరి ముందుంచుతున్నాను: జంతిక ముక్కలు గుప్పెడు, ఆవాలు రెండు, నువ్వులు లెక్కకు మించి, పలాస జీడిపప్పు సగం బద్ద, తెల్ల వెంట్రుకలు, నేను మింగేశాననుకున్న బీపీ మాత్ర ఒకటి. కంప్యూటరు ముందు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని మా ఆవిడకు చెప్పుకొస్తున్నాను. ఆవిడ ఒక జంతిక ముక్క తీసి వెలుగులో చూసి, “ఇవి మొన్న సంక్రాంతివి కావండీ, అంతకు ముందటేటివి” అంది. తమరి కడుపులో సాక్ష్యాలు దాచి ఇలా సమయం చూసి బయటపెట్టడం విశ్వాసం అనిపించుకోదు.

తరవాత చెంచా కాడతో డి టోపీ లేపాం. (లాప్‌టాప్ మీటలకు ఈ చెంచా వైద్యం చెయ్యకండి. వాటి కింద కత్తెరలాంటి సన్నటి ముక్కలుంటాయి, చిటుక్కుమంటాయి.) టోపీ కింద రబ్బరు బొడిపె, చిన్న ఇడ్లీ బోర్లించినట్టు. ఆ కింద పలచటి ప్లాస్టిక్ పొరలు మూడు. పైదాని మీదా అడుగుదాని మీదా కరెంటు పారే గీతలు, మధ్యదానికి కన్నాలు. నొక్కితే రబ్బరు దిగి, ఆ కన్నంలోంచి పై గీత కింది గీతను తాకుతుంది. మన శ్రీ, మన క్ష, మన జ్ఞ, ఇంత వ్యాకరణమూ ఆ ఒక్క తాకిడి మీద నిలబడి ఉందన్నమాట. గీత ఏదైనా తెగితే దాని మీదున్న మీటలు మూకుమ్మడిగా పోతాయట. ఒక్కటే ఒంటరిగా పోయిందంటే దాని పాదాల కిందే ఏదో చేరిందని అర్థం.

ఏం చేరిందో నాకు తెలుసు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇది ఎలాగూ తమరికి రాస్తున్న ఉత్తరం కాబట్టి ఒప్పుకుంటున్నాను. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం టీ ఒలికింది. రెండు చెంచాల పంచదార వేసిన టీ. షుగరు ఉన్నవాడు ఆ రెండు చెంచాల సంగతి ఇంట్లో ఎలా చెప్తాడు? తువ్వాలుతో పైపైన తుడిచి, తడి మీదే టైపు కొనసాగించాను. చెయ్యాల్సింది అది కాదని ఇప్పుడు తెలుసు. ముందు తోక పీకాలి, వెంటనే బోర్లించాలి, ఒకటి రెండు రోజులు గాలికి ఆరనివ్వాలి. నీళ్లయితే ఆరిపోతాయి. పంచదార ఆరదు, పాకమై కూర్చుంటుంది. బియ్యం డబ్బాలో పూడ్చిపెడితే బాగవుతుందని ఊరంతా చెప్తుంది గానీ, బియ్యానికి పాకం పీల్చే విద్య రాదు. పైగా ఆ బియ్యం తరవాత వండాలి కదా.

నేరం అక్కడితో ఆగలేదు. మీట బంకగా ఆడుతోందని కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను. మిషనుకు పనికొచ్చింది తమరికెందుకు పనికిరాదని నా తర్కం. నూనె, పాకం, జంతికల పొడి. ఇంక ఉప్పూ కారం చల్లితే ఊరగాయే.

రిపేరు కొట్టు కుర్రాడు మూత విప్పి వాసన చూశాడు. “మాస్టారూ, నూనెయ్యేసినారేటి దీనికి?”

“ఎవరేశారో” అన్నాను. 34 ఏళ్లు హరిశ్చంద్రుడి కథ పాఠం చెప్పిన నోరు.

వాడు మెడికల్ షాపు నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాలు తెప్పించి, దూది పుల్లతో పొరలు తుడిచి, ఆరాక మూసిచ్చాడు. దీని మీద పెట్టే కూలీ కంటే కొత్తది చవకని మర్యాదగా చెప్పాడు కూడా. ఆ రోజు నుంచి తమరి డి అమావాస్యకో పున్నానికో పలుకుతోంది. పలికిన రోజు రెండు పొల్లులు ఒకేసారి వేస్తోంది, పాత బాకీ తీరుస్తున్నట్టు.

ఈ ఉత్తరంలో పొల్లులు ఎక్కడివని తమరికి అనుమానం రావాలి. ఇది మనవడి ఎత్తు. పవర్ టాయ్స్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాములో కీబోర్డు మేనేజరు తెరిచి, క్యాప్స్ లాక్‌ను డిగా మార్చేశాడు. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న కులభేదం లేదు కాబట్టి, ఆ క్యాప్స్ లాక్ ఇన్నేళ్లూ పని లేకుండా జీతం తిన్నది. ఇప్పుడు పొల్లులన్నీ దాని నెత్తి మీదే. నా చిటికెన వేలు మొదటి రోజు సమ్మె చేసింది గానీ దారికొచ్చింది. ఒక్కటే చిక్కు. ఆ ప్రోగ్రాము లేచేదాకా క్యాప్స్ లాక్‌కు తన కొత్త ఉద్యోగం గుర్తుండదు. నా పాస్‌వర్డులో డి ఉంది. అందుకని పొద్దున్నే లాగిన్ తెర మూలనున్న మనిషి బొమ్మ నొక్కి, తెర మీద కీబోర్డు తెప్పించి, మౌసుతో ఆ ఒక్క అక్షరం పొడిచి, లోపలికి వెళ్తున్నాను, దొడ్డి గుమ్మంలోంచి సొంతింట్లోకి దూరినట్టు.

తమరి మీద నాకు పగ లేదు. కొత్తదానికి చెప్పాను, వారంలో వస్తుంది. పెళ్లి అయ్యేదాకా ఓపిక పట్టండి. శుభలేఖ మళ్లీ కొట్టి పంపాను. చెల్లెలు ఒక్కొక్క పొల్లూ వేలు పెట్టి లెక్కచూసుకుని, అవిఘ్నమస్తు మాత్రం నా చేత ఫోనులో మూడుసార్లు పలికించుకుంది. తరవాత అటక మీద తమరికో చోటు చూశాను, ఊదా రంగు గుండ్రటి పిన్ను ఉన్న తమరి పెద్దన్న గారి పక్కనే. ఆయనకి ఎఫ్ లేదు. ఇద్దరూ కబుర్లు చెప్పుకోవచ్చు, ఆ రెండక్షరాలూ రాని కబుర్లు.

ఇదిగో, మాటల్లోనే కరెంటు పోయి వచ్చింది. రాసింది పోలేదు, బతికాను. ఆ ప్రోగ్రాము మాత్రం ఇంకా లేచినట్టు లేదు. సంతకం ఒక్కటే కదా మిగిలింది, కానిచ్చేస్తాను.

ఇటలు,
తమ విధేయుడు,
తెలుగు మాసటారు,
శరీకాకుళం