మహారాజశ్రీ సెట్ గారికి

మహారాజశ్రీ ఇంగ్లిష్ మాట 'సెట్' గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ ఇక్కడ కుశలం లేదు. మా వాషింగ్ మెషీన్ నిండా నీళ్లు. ఆ నీళ్లలో అత్తయ్య చీరలు రెండు, పిల్లదాని యూనిఫాం. పొద్దున పదకొండింటికి వచ్చిన మెకానిక్ సాయంత్రం నాలుగింటికి "సెట్ చేసేశాను మేడం" అని ఆరొందలు తీసుకుని వెళ్లాడు. అతను లిఫ్ట్ దిగేలోపే మెషీన్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

ఏం చేశావు బాబూ అని అడక్కపోలేదు. "సెట్టింగ్ పోయింది మేడం, సెట్ చేశా" అన్నాడు. బెల్టు బిగించాడా, మోటారు విప్పాడా, పైపులో ఇరుక్కున్న పిన్నీసు తీశాడా? విప్పడం, బిగించడం, అతకడం, సరిచెయ్యడం అని వేరువేరు మాటలుంటే చేసిన పనేమిటో తెలిసేది. పని తెలిస్తే బేరమాడే వీలుండేది. మీరు దిగాక ఇంక అడగడానికేముంది?

మీ గొప్ప నాకు తెలియక కాదు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో అన్నిటికంటే పొడుగు మీ గురించి రాసిందేనట. క్రియగానే 430 అర్థాలు, వివరించడానికి దాదాపు 60,000 మాటలు! నామవాచకం మీరే, క్రియ మీరే, విశేషణం మీరే. చిన్నప్పుడు గో, వెంట్, గాన్ అని ఊగుతూ బట్టీపట్టేవాళ్లం. మీ దగ్గరికొస్తే సెట్, సెట్, సెట్. అచ్చం మా మెకానిక్కే. పని చెయ్యకముందూ అదే మొహం, చేశాకా అదే మొహం.

ఆ తర్వాత 'రన్' గారు క్రియగా 645 అర్థాలతో మిమ్మల్ని దాటేశారని చదివి కాస్త సంతోషించాను. మా మెషీన్ మాత్రం రన్నూ అవ్వట్లేదు, సెట్టూ అవ్వట్లేదు.

మా ఇంట్లో మీరు దూరని మూల లేదు. పెరుగు తోడుకునేది, ఇప్పుడు సెట్ అవుతోంది. సంబంధం కుదిరేది, అదీ సెట్టే. టీవీ దగ్గర పెట్టే డబ్బాని మా వీధి వీధంతా సెటప్ బాక్స్ అంటుంది. సెట్ దోశ జోలికి మాత్రం రాను, అది నాకిష్టం.

ఇంకో సంగతి తెలిసింది. పాత ఇంగ్లిష్‌లో మీరు 'సిట్'కి ప్రేరణార్థకమట. అంటే మన లెక్కలో కూర్చొను, కూర్చోబెట్టు. మీ అసలు ఉద్యోగం జనాన్ని కూర్చోబెట్టడం! ఐదు గంటలు నన్ను బాత్రూం గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు మీద, చేతికి టార్చి ఇచ్చి కూర్చోబెట్టారు చూడండి, 430లో ఆ ఒక్క అర్థానికీ పూర్తి న్యాయం చేశారు.

ఇదంతా రాత్రి అన్నాల దగ్గర చెప్తే మా పిల్ల తలెత్తకుండా "మరి పట్టో?" అంది. పట్టుచీర, కుస్తీ పట్టు, నుదుటికి వేసే పట్టు, టార్చి పట్టు, అరగంట పట్టుద్ది. నా నోరు మూతపడింది. మా ఇంట్లోనూ ఒకడున్నాడని ఒప్పుకుంటున్నాను. కానీ వాడు ఏనాడూ నా దగ్గర ఆరొందలు గుంజలేదు. (చీర సంగతి వేరే.)

అయినా నీకు గారేమిటి, మీరేమిటి! ఇల్లు తుడుస్తుంటే మెషీన్ కింద ఒక స్క్రూ దొరికింది. చిటికెన వేలి గోరంత ఉంది, తల అరిగిపోయింది. ఫోన్ చేస్తే "అది ఎక్స్‌ట్రా మేడం, రేపొచ్చి సెట్ చేస్తా" అన్నాడు. ఎక్స్‌ట్రా ఎలా అవుతుంది? కొత్తిమీర కట్టతో కరివేపాకు రెబ్బ ఇచ్చినట్టు కంపెనీవాడు కొసరేశాడా? ఇది ఊడిన చోటు ఏదో ఉండాలి కదా. ఆ చోటు నాకు తెలీదు, వాడికి తెలీదు, తెలీదని చెప్పాల్సిన అవసరం లేకుండా నువ్వు వాడికి అడ్డం నిలబడ్డావు.

స్క్రూని ఫ్రిజ్ మీద అగ్గిపెట్టెలో దాచాను. నీ 430 అర్థాల్లో ఇది ఎక్కడ బిగించాలో చెప్పేది ఒక్కటున్నా వెంటనే జవాబు రాయి. అత్తయ్య చీరలు రంగు దిగడం మొదలైంది.

ఇట్లు,
బకెట్టూ మగ్గూ పట్టుకుని మెషీన్‌లో నీళ్లు తోడుతున్న మనిషి