ఎగరకపోయినా ఫరవాలేదు, ఆగకూడదు

మనుషుల్ని చంద్రుడి వైపు పంపడానికి నాసా కట్టించిన ఎస్‌ఎల్‌ఎస్ రాకెట్‌ను ఊరికే ఆడిపోసుకుంటున్నారు. లేటైందట, ఖర్చెక్కువట. పాపం, తనకు అప్పజెప్పిన పనిని అది మొదటి రోజు నుంచీ తు.చ. తప్పకుండా చేస్తూనే ఉంది. ఆ పని ఎగరడం అనుకోవడం మన అమాయకత్వం.

2010లో దాన్ని పుట్టించిన చట్టంలోనే అంతా ఉంది. మూతపడబోతున్న స్పేస్ షటిల్ కాంట్రాక్టులనూ మనుషులనూ ఇంజన్లనూ వీలైనంత వరకూ దీనికే వాడమన్నారు. 2016 చివరికల్లా సిద్ధం కావాలన్నారు. మొదటిసారి ఎగిరింది 2022 నవంబరులో. గిట్టనివాళ్లకు అది ఆరేళ్ల ఆలస్యం. అలబామా, లూసియానా, మిసిసిపీ, యూటాల్లో దాని మీద బతికే వాళ్లకు ఆరేళ్ల జీతం. సెనేటర్లకు ఓట్లేసేది చంద్రుడి మీదివాళ్లు కాదు కదా!

ఇంజన్ల సంగతి మరీ ముచ్చట. షటిల్‌తో వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లేలా చేసిన ఆర్‌ఎస్-25లు అవి. ఇప్పుడు రాకెట్‌కు నాలుగు చొప్పున బిగించి, పనవగానే సముద్రం పాలు చేస్తున్నారు. కొత్తది కావాలంటే ఒక్కోటి దాదాపు పది కోట్ల డాలర్లు. పాతవి తిరిగొస్తుంటే కొత్తవి ఎవరు కొంటారు చెప్పండి?

రాకెట్‌ను నిలబెట్టే రెండో ఇనుప టవరును 2019లో 38 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నారు. అయిన ఖర్చంతా సర్కారుదే, పైన ఫీజు కూడా. ఇలాంటి బేరంలో తొందరపడేవాడు పిచ్చివాడు. 2024లో నాసా సొంత తనిఖీ విభాగం లెక్క కడితే 270 కోట్లకు చేరేలా ఉంది. టవరు ఎగిరేది కాదు, ధర మాత్రం ఎగిరింది.

మొదటి నాలుగు ప్రయోగాలకు, రాకెట్ కొసన మనుషులు కూర్చునే ఓరియన్ నౌకతో కలిపి, ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లవుతుందని అదే విభాగం 2022లో తేల్చింది. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3కి అయింది సుమారు 615 కోట్లు, అదీ రూపాయల్లో. మనుషులు ఎక్కేదానికీ ఎక్కనిదానికీ పోలికేమిటంటారా? సబబే. ఆ ఒక్క ప్రయోగం డబ్బుతో ఇలాంటివి యాభై పంపొచ్చన్న మాట మనసులోనే ఉంచుకుందాం.

ఈ రాకెట్‌తో చేసే చంద్రయాత్రలకు ఆర్టెమిస్ అని పేరు. 2025లో వైట్‌హౌస్ మూడో ఆర్టెమిస్ యాత్రతో దీన్ని ఆపేద్దామంది. చట్టసభ ఊరుకుంటుందా? నాలుగు, ఐదు యాత్రల కోసం మరో 410 కోట్ల డాలర్లు చట్టంలో పెట్టింది. అంకె కలవడం కాకతాళీయమే లెండి. అదే చట్టంలో, పాత వ్యోమనౌకనొకదాన్ని హ్యూస్టన్‌కు తరలించి ప్రదర్శనకు పెట్టడానికి 8.5 కోట్ల డాలర్లిచ్చారు. ఎగరాల్సిన పనే లేని నౌక కాబట్టి, ఎగరడం లేటైందని దాని మీద ఎవరూ నోరెత్తలేరు.